పాటలోని పేరు

పాత పాట చెవిని పడగానే కొందరికి సొంత ఊరు గుర్తుకు వస్తుంది. కొందరికి చిన్ననాటి స్నేహితులు గుర్తుకు వస్తారు. నాకు మాత్రం ఒక పాట వినబడితే తల దించుకోవాలనిపిస్తుంది. ఆ పాట మన భాషలోనిది కాదు, మన దేశానిదీ కాదు. దాని పేరు 'డయానా'. కెనడా దేశానికి చెందిన పాల్ యాంకా అనే బాలుడు తన పదిహేనవ ఏట దానిని రచించి, స్వరపరచి, తానే పాడాడు. 1957లో వెలువడిన ఆ పాట దేశదేశాలలో మారుమోగింది. అతనికి అంతులేని కీర్తిని తెచ్చిపెట్టింది. ఇరవై ఏళ్ళ తరువాత గుంతకల్లులో అదే పాట నా చేత ఒక తప్పు చేయించింది. చేయించిందనడం న్యాయం కాదు. పాట ఎవరి చేతా తప్పు చేయించదు. ఆ తప్పు నేనే చేశాను.

మా నాన్నగారు రైల్వేలో గుమాస్తాగా పనిచేసేవారు. మేము గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. పగలూ రాత్రీ అన్న భేదం లేకుండా ఇంజన్ల కూతలు వినిపించేవి. లోకో షెడ్డు నుండి వచ్చే బొగ్గుపొగ ఆరవేసిన బట్టలమీద నల్లని నుసిగా రాలేది. మా పొరుగింట్లో ఉద్యోగ విరమణ చేసిన ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఒకాయన ఉండేవారు. ఆయనను మేమందరం అంకుల్ అని పిలిచేవాళ్ళం. సాయంకాలం కాగానే ఆయన వరండాలో వాలుకుర్చీ వేసుకొని, గ్రామఫోను పెట్టి పాత ఇంగ్లీషు పాటలు వినేవారు. తన యౌవనంలో రైల్వే ఇన్‌స్టిట్యూటులో క్రిస్మస్ రాత్రి జరిగిన నాట్యాల గురించి కథలు కథలుగా చెప్పేవారు.

మా వీధి చివరి ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. మూడవ తరగతి నుండి మేమిద్దరం కలిసి బడికి వెళ్ళాము. చింతగింజలతో ఆడుకున్నాము, జామకాయలు పంచుకున్నాము. జ్వరం వచ్చి నేను బడి మానిన రోజుల పాఠాలను ఆమె తన గుండ్రని అక్షరాలతో నా పుస్తకంలో ఎక్కించి ఇచ్చేది. ఇద్దరం ఒకే జూనియర్ కళాశాలలో చేరాము. ఆమె ఎప్పటిలాగే నాతో మాట్లాడేది. మారినది నేనే. ఆమె నవ్వితే ఆ నవ్వుకు అర్థాలు వెదకడం మొదలుపెట్టాను. ఆమె మరొకరితో మాట్లాడితే నా మనసు చిన్నబోయేది. నాకు ఆమెమీద ఉన్నది ఆమెకు నామీద లేదని లోలోపల తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న రోజులవి. ఒకనాటి సాయంకాలం అంకుల్ గ్రామఫోనుమీద 'డయానా' పెట్టారు. మొదట శాక్సఫోను మోగింది. ఆ వెంటనే లేత గొంతు ఒకటి అందుకుంది. మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. అంకుల్ తక్కినవి విడమరచి చెప్పారు. ఆ పాటలోని పిల్లవాడు తనకంటే వయసులో పెద్దదైన అమ్మాయిని ఇష్టపడ్డాడు. వయసు తేడాను చూసి లోకం ఏమనుకున్నా సరే, తనను కాదనవద్దని ఆమెను బతిమాలుకుంటున్నాడు.

"ఇది రాసేనాటికి వాడికి పదిహేనేళ్ళు. నీకంటే రెండేళ్ళు చిన్నవాడు!" అని అంకుల్ నవ్వారు.

ఆ ఒక్క మాట నా తలకెక్కింది. పదిహేనేళ్ళవాడు ఒక అమ్మాయి పేరును లోకమంతా వినేటట్లు పాడగలిగితే, పదిహేడేళ్ళవాణ్ణి నేను ఎందుకు పాడకూడదు? ఆ రాత్రి అందరూ నిద్రపోయిన తరువాత లాంతరు వెలుగులో కూర్చొని, అదే వరుసలో తెలుగులో ఒక పాట రాశాను. ప్రతి చరణం చివర ఆమె పేరు వచ్చింది. తెల్లవారేసరికి ఆ పాట నాకు మహాకావ్యంలా కనిపించింది.

1978 ఫిబ్రవరిలో మా కళాశాల వార్షికోత్సవం జరిగింది. నేను వేదిక ఎక్కి ఆ పాట పాడాను. మొదటి చరణం చివర ఆమె పేరు రాగానే వెనుక వరుసలలో ఈలలు మొదలయ్యాయి. రెండవ చరణం నుండి ఆ పేరు వచ్చినప్పుడల్లా పిల్లలందరూ నాతో గొంతు కలిపారు. ఆ చప్పట్లను నేను నా ప్రతిభకు దక్కిన గౌరవం అనుకున్నాను. ఆడపిల్లలు కూర్చున్న వైపు ఒక్కసారి చూశాను. ఆమె ముఖాన్ని చేతులతో కప్పుకొని ఉంది. సిగ్గుపడుతోందనుకున్నాను. మనకు కావలసిన అర్థమే కనబడే వయసు అది.

మరునాడు కళాశాల గోడమీద బొగ్గుతో ఆమె పేరు రాసి ఉంది. దాని పక్కన నా పేరు. ఆమె నడిచి వస్తుంటే కుర్రవాళ్ళు ఆ వరుసను ఈలవేసేవారు. సైకిళ్ళమీద వెంటబడేవారు. నాతో మాట పరిచయం కూడా లేనివాళ్ళు ఆమెను పేరుపెట్టి పిలిచేవారు. వారం తిరగకుండానే ఆ సంగతి రైల్వే క్వార్టర్సుకు చేరింది. కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు ఆమె తల్లిని చూసి మాటలు ఆపేసేవారు. పరీక్షలకు నెలరోజులు కూడా లేవనగా తండ్రి ఆమెను కళాశాల మాన్పించి, నంద్యాలలోని అమ్మమ్మగారి ఇంటికి పంపించడానికి నిశ్చయించాడు. పాట పాడిన నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పైగా కొందరు మిత్రులు నన్ను వీరుణ్ణి చేసి భుజం తట్టారు. ఒకే పాట ఒకరికి పొగడ్త అయింది, ఒకరికి శిక్ష అయింది.

ఆమె ప్రయాణమయ్యే రోజున నేను స్టేషనుకు వెళ్ళాను. తండ్రి టిక్కెట్ల కోసం వెళ్ళిన సమయంలో దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. క్షమించమని అడుగుదామనుకున్నాను కాని నోట మాట రాలేదు. ఆమే మాట్లాడింది.

"పాడేముందు నన్ను ఒక్కమాట అడిగి ఉండవలసింది" అంది.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. రైలు కదిలిపోయింది. ఇప్పటికి దాదాపు యాభై ఏళ్ళవుతోంది. ఆ మాటకు జవాబు నా దగ్గర ఇంకా లేదు.

ఆ సంవత్సరం ఆమె పరీక్షలు రాయలేదు. రెండేళ్ళ తరువాత ఆమె నంద్యాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిందనీ, నర్సు శిక్షణలో చేరిందనీ మా అమ్మ ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. ఆ సంతోషంతోపాటు ఒక లెక్క కూడా మనసులో మిగిలిపోయింది. నా పాట నిడివి నాలుగు నిమిషాలు. దానికి ఆమె చెల్లించిన మూల్యం రెండు సంవత్సరాలు.

ఆ రోజులలో మా తెలుగు అధ్యాపకులు నన్ను పిలిపించారు. చీవాట్లు పెడతారని భయపడుతూ వెళ్ళాను. ఆయన, "రాయప్రోలు సుబ్బారావుగారి తృణకంకణం గురించి చెప్పిన రోజున నువ్వు మొదటి బెంచీలోనే కూర్చున్నావు కదా?" అని అడిగారు. అవునన్నాను. "సరే, వెళ్ళు" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

ఆ కావ్యంలో చిన్ననాటి నుండి ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు ఉంటారు. ఆమెకు మరొకరితో వివాహం జరుగుతుంది. తరువాత వారు కలుసుకున్నప్పుడు ఆ ప్రేమ హక్కుగా మారదు, నిందగా మారదు. గడ్డిపోచతో కట్టిన కంకణం సాక్షిగా అది స్నేహమవుతుంది. రాయప్రోలువారు ప్రతిపాదించిన అమలిన శృంగారానికి అది చక్కని ఉదాహరణ. పరీక్షలో వస్తుందని నేను దానిని కంఠస్థం చేశాను. నాలుగు మార్కుల ప్రశ్నగానే తప్ప, నా బతుకుకు సంబంధించిన విషయంగా దానిని ఏనాడూ చదవలేదు.

తరువాత నేను కూడా తెలుగు అధ్యాపకుణ్ణి అయ్యాను. భావకవిత్వం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకొక విషయం తోచేది. కృష్ణశాస్త్రిగారు ఊర్వశి కోసం పరితపించారు. నండూరి సుబ్బారావుగారు ఎంకిని పాటలలో ప్రతిష్ఠించారు. తెలుగు పాఠకులు ఆ పేర్లను గుండెల్లో దాచుకున్నారు. కాని ఊర్వశి ఏ వీధి చివరి ఇంట్లోనూ లేదు. ఎంకి ఏ కళాశాలకూ నడిచి వెళ్ళవలసిన పని లేదు. ఆ కవుల విరహం ఏ ఆడపిల్ల చదువునూ ఆపలేదు. వారు తమ వేదనను మనకు ఇచ్చారు, మరొకరి మెడకు చుట్టలేదు.

అప్పటికి నా కోపం పాల్ యాంకామీదనే ఉండేది. అతని పాటే నన్ను దారి తప్పించిందని సరిపెట్టుకునేవాణ్ణి. చాలా కాలం తరువాత అతని జీవితాన్ని గురించి చదివాను. నాకు తెలియని సంగతులు ఎన్నో తెలిశాయి.

పాల్ యాంకా 1941 జూలై 30వ తేదీన కెనడా రాజధాని ఒట్టావాలో పుట్టాడు. అతని కుటుంబం సిరియా, లెబనాన్ ప్రాంతాల మూలాలు గల క్రైస్తవ కుటుంబం. తల్లిదండ్రులు ఒక హోటలు నడిపేవారు. అతడు చిన్ననాటి నుండి చర్చిలోని గాయక బృందంలో పాడాడు. ఆ బృందానికి నాయకుడైన గురువు దగ్గర సంగీత శాస్త్రం నేర్చుకున్నాడు. పాఠశాలలో తోటి పిల్లలతో కలిసి చిన్న గాన బృందాన్ని ఏర్పరచుకున్నాడు. 'డయానా' కంటే ముందే, 1956లో, అతని మొదటి రికార్డు వెలువడింది. దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అతడు నిరుత్సాహపడలేదు. 1957లో న్యూయార్కు వెళ్ళాడు. అక్కడ ఏబీసీ-పారమౌంట్ రికార్డు సంస్థలో డాన్ కోస్టా అనే సంగీత నిర్వాహకుని ఎదుట తన పాటలు పాడి వినిపించాడు. వాటిలో 'డయానా' ఒకటి. అది ఆ వేసవిలోనే రికార్డుగా విడుదలయింది. ఇంగ్లండులో వరుసగా తొమ్మిది వారాలపాటు అది మొదటి స్థానంలో నిలిచింది.

ఆ పాటకు ప్రేరణ ఎవరు? తమ ఇంట్లో పిల్లలను చూసుకోవడానికి వచ్చిన అమ్మాయిమీద మనసుపడి ఆ బాలుడు దానిని రాశాడని చాలా కాలం లోకం నమ్మింది. 2005లో ఒక అమెరికన్ రేడియో ముఖాముఖిలో యాంకా మరొక విధంగా చెప్పాడు. ఆమె తాను చర్చిలో చూసిన అమ్మాయి అనీ, ఆమెతో తనకు పరిచయం ఉందని కూడా చెప్పలేననీ వివరించాడు.

ఈ సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. దేశదేశాల వారు పాడుకున్న ప్రేమగీతంలోని నాయికను ఆ పాట రాసినవాడు సరిగా ఎరుగడు! అయితే ఆ పాటలో ఉన్నది ఎవరు? నిజానికి అందులో ఉన్నది ఆ పదిహేనేళ్ళ బాలుడే. అతని ఒంటరితనం, అతని ఆశ, తాను చిన్నవాణ్ణని అతనికున్న బెంగ, ఇవే ఆ పాటకు ప్రాణం. ఆమె అందులో పలికిన మాట ఒక్కటి కూడా లేదు. ఆమెకు చెందినది అందులో ఒక్క పేరు మాత్రమే. నా పాట సంగతి కూడా అంతే కదా! మూడవ తరగతి నుండి నాతో చదివిన అమ్మాయి గురించి రాశాననుకున్నాను. ఆమె గుండ్రని చేతిరాత గాని, లెక్కలలో ఆమె నేర్పు గాని, నర్సు కావాలన్న ఆమె కోరిక గాని అందులో లేవు. అందులో ఉన్నదంతా నేనే. ప్రేమ నాది, పేరు ఆమెది. నాది కానిదానిని నేను ఊరికి పంచిపెట్టాను.

మరొక సంగతి కూడా అప్పుడే బోధపడింది. 'డయానా' నిలబడినది కేవలం ప్రేమ వలన కాదు. ఆ పాటలోని స్వరసంపుటాల వరుస కొత్తదేమీ కాదు. ఆనాటి ఎన్నో పాటలలో వినబడే నాలుగు స్వరసంపుటాలే అందులోనూ ఉన్నాయి. అటువంటి మామూలు సామగ్రితో ఆ బాలుడు అందరికీ గుర్తుండిపోయే పాట కట్టాడంటే, దాని వెనుక ఏళ్ళ తరబడి చర్చిలో చేసిన సాధన ఉంది, గురువు దగ్గర నేర్చిన శాస్త్రం ఉంది, ఓటమి తరువాత మళ్ళీ తలుపు తట్టిన పట్టుదల ఉంది. తిరిగి దక్కని ఇష్టం ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అది అందరినీ కళాకారులను చేయదు. దానిని పనిలోకి మళ్ళించుకున్నవారిని మాత్రమే చేస్తుంది. యాంకా అక్కడే ఆగిపోలేదు. ఒక ఫ్రెంచి పాట వరుసకు అతడు ఇంగ్లీషులో రాసిన 'మై వే' అనే గీతాన్ని ఫ్రాంక్ సినాత్రా పాడగా, అది 1969లో వెలువడి జగత్ప్రసిద్ధమయింది. ఎనభై ఏళ్ళు దాటిన తరువాత కూడా యాంకా వేదికలపై పాడాడు. నేను అతని నుండి ఆ సాధన నేర్చుకోలేదు. వేదికపై ఒక పేరు పలకడం మాత్రమే నేర్చుకున్నాను.

విద్యార్థులారా! మీ వయసులో మనసు ఎవరిమీదనైనా మళ్ళడం తప్పు కాదు. ఎదుటివారు మనలను అదే విధంగా ఇష్టపడకపోవడం వారి తప్పు కాదు, మన లోపమూ కాదు. ఇవ్వనిదానిని అడిగి పుచ్చుకోగలమా? కాదన్నవారిని వేధించడం, వారి పేరును బజారుకు ఎక్కించడం, చివరకు వారిపై దాడికి తెగబడడం ప్రేమ పేరిట మన చుట్టూ జరుగుతూనే ఉన్నాయి. వీటన్నింటికీ మూలం ఒక్కటే. నాకు ఇష్టం కలిగింది కనుక ఆమెమీద నాకు హక్కు ఉందన్న భ్రమ. నేను ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, కేవలం పాట పాడాను అని ఒకప్పుడు నన్ను నేను సమర్థించుకున్నాను. కాని ఆ భ్రమ నాలోనూ ఉంది. తియ్యగా పాడినంత మాత్రాన అది మరొకటి కాదు. నా కాలంలో ఒక పేరు ఊరంతా పాకడానికి వారం పట్టింది. ఇప్పుడు చేతిలోని ఫోనుకు వారం అక్కరలేదు, ఒక్క నిమిషం చాలు. గోడమీది బొగ్గుగీతను సున్నం వేసి చెరపవచ్చు. ఫోన్లలోకి పాకినదానిని చెరపడం ఎవరి తరం?

2016లో నేను పనిచేస్తున్న కళాశాలలో ఒక విద్యార్థి నా గదికి వచ్చాడు. వార్షికోత్సవంలో చదవడానికి కవిత రాశానని, దిద్ది ఇమ్మని కాగితం చేతికిచ్చాడు. అది ప్రేమ కవిత. మూడు చోట్ల ఒక అమ్మాయి పేరు ఉంది. ఆమె అదే తరగతిలో చదువుతోంది. ఆ కాగితం పట్టుకున్న నా చేయి కొద్దిగా వణికింది.

"ఆ అమ్మాయిని అడిగావా?" అన్నాను.

"లేదు సార్. ఆశ్చర్యపరుద్దామని" అన్నాడు.

నేను అతనికి గుంతకల్లు స్టేషనులో నేను విన్న మాట చెప్పాను. ఎవరు అన్నారో చెప్పలేదు. తరువాత, "ఈ మూడు చోట్లా పేరు తీసివేసి ఒకసారి చదువు. అప్పుడు కూడా నిలబడితే అది కవిత. పడిపోతే, అందులో ఆమె పేరు తప్ప మరేమీ లేదని అర్థం" అన్నాను.

అతడు కొంచెం చిన్నబుచ్చుకొనే వెళ్ళాడు. రెండు రోజుల తరువాత మళ్ళీ వచ్చాడు. పేరు తీసివేస్తే కవిత నిలబడలేదని ఒప్పుకున్నాడు. దానిని చింపివేసి, తన పల్లెలో ఎండిపోయిన చెరువు గురించి మరొకటి రాశాడు. అందులో ఒకచోట, నీరున్న రోజులలో ఆ గట్టుమీద కూర్చున్న ఇద్దరు పిల్లలు కనిపిస్తారు. వారికి పేర్లు లేవు. వార్షికోత్సవంనాడు అతడు దానిని చదివినప్పుడు ఈలలు వినబడలేదు. సభ నిశ్శబ్దంగా వింది. ఆడపిల్లల వరుసలో ఎవరూ ముఖం కప్పుకోలేదు.

ఆ సాయంకాలం ఇంటికి వచ్చి, ఎన్నో ఏళ్ళ తరువాత 'డయానా' పాటను మొదటి నుండి చివరి దాకా విన్నాను. ఆ బాలుని గొంతు అలాగే లేతగా ఉంది. ఈసారి అతనిమీద నాకు కోపం రాలేదు. పాట ముగిసిన తరువాత నేను రాసిన పాటను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఒక్క చరణమైనా పూర్తిగా జ్ఞాపకం రాలేదు. గుర్తున్నది ఆమె పేరు ఒక్కటే. దానిని పైకి అనకుండా, మనసులోనే ఉంచుకున్నాను.